పరుపు ఇచ్చాడంటే ఉద్యోగం వచ్చినట్టే

మా హాస్టల్లో ఒక ఆచారం ఉండేది. ఉద్యోగం వచ్చినవాడు వెళ్ళేముందు తన పరుపును ఎవరికైనా ఇచ్చి వెళ్ళాలి. పుస్తకాలు అమ్ముకోవచ్చు, బట్టలు ఇంటికి పట్టుకెళ్ళవచ్చు, పరుపు మాత్రం హాస్టల్ దాటకూడదు. ఉద్యోగం వచ్చినవాడి పరుపు మీద పడుకుంటే పడుకున్నవాడికీ వస్తుందని నమ్మకం. ఎంసీఏ చదువుతూ, దేవుడు లేడని మెస్‌లో గొంతు చించుకుని వాదించేవాళ్ళు కూడా ఈ పరుపుల దగ్గరకొచ్చేసరికి బుద్ధిగా చేతులు కట్టుకునేవారు. ఒక్కో పరుపు నలుగురైదుగురిని సాగనంపి, దూదంతా ఒక మూలకు చేరి, పడుకుంటే నడుం విరిగేలా ఉండేది. అలాంటి దానికే గిరాకీ ఎక్కువ.

అందుకే నేను నా పరుపును పక్క గది జూనియర్‌కి ఇచ్చిన రోజు, నాకు ఉద్యోగం వచ్చిందని హాస్టల్ మొత్తం అనుకుంది. నిజానికి ఆ వారం నేను చచ్చిపోవాలని నిర్ణయించుకున్నాను.

కారణం ఏమిటని తరవాత చాలామంది అడిగారు. అందరికీ ఒకే ఒక్క కారణం కావాలి, అది ప్రేమ వ్యవహారమైతే మరీ సంతోషం. నా దగ్గర అంత మంచి కథ లేదు. రెండు సబ్జెక్టులు తప్పాను. నాలుగు కంపెనీల వాళ్ళు వస్తే నాలుగింటిలోనూ రాతపరీక్షలోనే ఇంటికి పంపారు. దసరాకు ముందే నిద్ర దూరమైంది. పండగ వెళ్ళాక ఆకలీ పోయింది. స్నానం చేయడమంటే కొండ ఎక్కమన్నట్టు ఉండేది. నిద్ర లేని బుర్ర ఎంత చెత్త లెక్కనైనా సరే అని ఒప్పుకుంటుంది. నేను లేకపోతే మా నాయనకు హాయి అన్నది నా బుర్ర వేసిన లెక్క. ప్రోగ్రాములో ఒక్క లైను రాసినా పక్కవాడికి చూపించి సరిచేయించుకునేవాణ్ణి, ఈ లెక్కను మాత్రం ఎవరికీ చూపించలేదు.

మా నాయన బాలానగర్‌లో ఒక షెడ్డులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. అప్పట్లో మా హాస్టల్ డాబా ఎక్కితే, బండరాళ్ళ అవతల, దుమ్ములో కొత్తగా లేస్తున్న గుండ్రటి భవంతి కనబడేది. కంప్యూటర్ కంపెనీలన్నీ అందులోకే వస్తాయని పేపర్లో రోజూ రాసేవారు. మా నాయన ఆ భవంతిని ఒకసారి బస్సులోంచి చూశాడు. చూసొచ్చి, “మావోడు గండ్లనే కూసుంటడు,” అని షెడ్డులో చెప్పేశాడు. ఏ అంతస్తో కూడా చెప్పాడని నా అనుమానం. నేను ఏ రాతపరీక్షకి వెళ్ళినా ఆ మాట నాకంటే ముందు వెళ్ళి కూర్చునేది.

సరే, పంపకాలు మొదలుపెట్టాను. పరుపు జూనియర్‌కి. పుస్తకాలు తలా ఒకటి పక్క గదులవాళ్ళకి. ఇస్త్రీపెట్టె నా రూమ్మేట్‌కి. ఆ ఇస్త్రీపెట్టె సామాన్యమైనది కాదు. హాస్టల్లో ఇంటర్వ్యూకి వెళ్ళే ప్రతి చొక్కా దాని కిందనుంచే వెళ్ళేది. దాన్ని నేను గది దాటనిచ్చేవాణ్ణి కాదు, కావాలంటే చొక్కా తెచ్చుకోమనేవాణ్ణి. మా రూమ్మేట్ గోదావరి జిల్లా వాడు, మనసు మంచిది, నోరు మాత్రం ఊరంత. ఇస్త్రీపెట్టె చేతిలో పెట్టగానే మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు.

“ఏ కంపెనీరా?” అన్నాడు.

“కంపెనీ లేదు, ఏం లేదు. ఉంచుకో.”

“అబ్బో, నా దగ్గర కూడానా? దిష్టి తగులుద్దని దాస్తున్నావు కదూ. సరేలే, నేనెవరికీ చెప్పను.”

పది నిమిషాల్లో హాస్టల్ మొత్తానికి తెలిసిపోయింది. ఆఫర్ లెటర్ చేతికి వచ్చేదాకా బయటపెట్టకపోవడం కూడా మా ఆచారాల్లో ఒకటి. కాబట్టి నేను లేదన్నకొద్దీ వాళ్ళకు నమ్మకం బలపడింది. మొహం పీక్కుపోయింది, కళ్ళు లోపలికి పోయాయి, ఎవరితోనూ మాట్లాడ్డంలేదు. ఇవన్నీ చూసి, ఇంటర్వ్యూల కోసం బాగా కష్టపడ్డాడని చెవులు కొరుక్కున్నారు. సాయంత్రానికి బంతిపూల దండ తెచ్చి మెడలో వేశారు. జీతం ఎంతో వాళ్ళే నిర్ణయించారు. మర్నాటికి ఉద్యోగం బెంగళూరు చేరింది, ఆ మర్నాటికి సింగపూర్ వెళ్ళొచ్చింది.

నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం. మామూలు రోజుల్లో అయితే ఆ దండ వాళ్ళ మొహానే కొట్టేవాణ్ణి. అప్పుడు కోపం కూడా రాలేదు. నాకు ఏదో జబ్బు చేసిందని ఆ ఒక్కదానితోనైనా నాకు తట్టాల్సింది.

ఆదివారం పొద్దున జూనియర్లు పదిమంది నోటుబుక్కులు పట్టుకుని కామన్ రూమ్‌లో కూర్చుని నన్ను పిలిపించారు. సలహాలు కావాలట. ఒక్క రాతపరీక్షా గట్టెక్కని నేను, గంటసేపు రాతపరీక్ష ఎలా గట్టెక్కాలో చెప్పాను. శ్రద్ధగా రాసుకున్నారు.

“అన్నా, ఆఖరి రౌండ్ల ఏం అడుగుతరే?” అన్నాడు నా పరుపు తీసుకున్నవాడు.

ఆఖరి రౌండు నేనెప్పుడూ చూడలేదు. చూసొచ్చినవాళ్ళు చెప్పిందే చెప్పాను. “అయిదేండ్ల తర్వాత నిన్ను నువ్వు ఎక్కడ చూసుకుంటున్నవ్ అని అడుగుతరు. దానికి జవాబు ముందే తయారు చేసి పెట్టుకోండి.”

“నువ్వేం చెప్పినవన్నా?”

నేను వచ్చే ఆదివారం దాకా కూడా చూసుకోవడంలేదు. “ఎవరి జవాబు వాళ్ళే చెప్పుకోవాలె,” అన్నాను. అది కూడా రాసుకున్నారు. ఒకడైతే కింద గీత గీశాడు.

అసలు పేచీ ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది. మా నాయన ఆదివారాలు ఎస్టీడీ బూత్ నుంచి హాస్టల్‌కి ఫోన్ చేసేవాడు. ఆ రోజు ఫోనెత్తింది మా రూమ్మేట్. “బాబాయ్ గారూ, మీవాడు చెప్పలేదాండి? కంగ్రాచ్యులేషన్సండి!” అన్నాడట. ఈ విషయం వాడే వచ్చి, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి చెప్పాడు. ఫోన్లో మా నాయన ముక్కు చీదిన చప్పుడు వినబడిందట. సోమవారం పొద్దున్నే షెడ్డులో మైసూర్‌పాక్ పంచుతానన్నాడట.

సిగ్గు, భయం రెండూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఆయన ముక్కు చీదాడన్న మాట నన్ను కోసేసింది. అప్పటిదాకా ఉద్యోగం లేని కొడుకుని. ఇప్పుడు వచ్చిన ఉద్యోగాన్ని పోగొట్టబోయే కొడుకుని. ఇక ఆలస్యం చేయకూడదని గట్టిగా అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం మెస్‌లో రెండు ముద్దలు మింగి, నా కంచం శుభ్రంగా కడిగాను. మా మెస్‌లో ఎవరి కంచం వాళ్ళదే. నాది స్టీలు కంచం, అంచు మీద మా నాయన పేరు చెక్కించి అమ్మ ఇచ్చింది. దాన్ని తీసుకెళ్ళి వంటమనిషికి ఇచ్చాను. ఆమెది పాలమూరు వైపు. మొగుడితో కలిసి కట్టుబడి పనికి వచ్చి, మా మెస్‌లో వంటకు కుదిరింది. మొగుడు ఆ గుండ్రటి భవంతిలోనే సెంట్రింగ్ పని చేసేవాడు. మా హాస్టల్‌కి సంబంధించినంతవరకూ ఆ భవంతిలో ఉద్యోగం ఉన్నది అతనొక్కడికే.

“గిదేంది?” అంది.

“మీరు ఉంచుకోండమ్మా. నాకు ఇగ అవసరం లేదు.”

“కొలువు వచ్చిందంట గద. ఏడ?”

“బెంగళూరు.”

“బెంగుళూర్ల అన్నం తినరా?”

ఆమె కంచం తిప్పి చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కంచం చూసింది.

“ఆరేండ్ల సంది జూస్తున్న. కొలువు వచ్చినోడు పరుపు ఇడ్సిపెడ్తడు. కంచం ఎంట తీస్కపోతడు. యాడికి పోయినా తినాలె గద. కంచం ఇచ్చినోన్ని నిన్నే జూస్తున్న.” గరిటె పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. “సచ్చిపోవాలనుకుంటున్నవా బిడ్డా?”

రెండు నెలలుగా ఆ మాట నా తలలో తిరుగుతూనే ఉంది, కానీ బయట ఒక మనిషి నోట వినడం అదే మొదలు. ఆమె దాన్ని, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగింది. నేను అవునన్నాను. అనగానే ఏడుపు వచ్చింది. పెద్ద వంట గంజుల మధ్య నిలబడి, ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, మందలించలేదు.

“మా తమ్ముడు గిట్లనే గొర్లన్నీ పంచిండు,” అంది. “ఎంత మంచోడైండని అందరం మెచ్చుకున్నం.” కొంగుతో మొహం తుడుచుకుంది. “గిప్పుడు ఏం జెయ్యాల్నో నాకు తెల్వదు. తెలిసినోల్ల తానికి పోదాం. గప్పటిదాంక నా కండ్ల ముంగట నుంచి కదల్కు.”

కదలకుండా ఊరికే కూర్చోబెట్టలేదు. చాట నిండా బియ్యం పోసి, రాళ్ళు ఏరమంది. నేను ముక్కు ఎగబీలుస్తూ ఏరాను. ఒక చాట అయిపోతే ఇంకో చాట పోసింది. మధ్యమధ్య తల తిప్పి, ఉన్నానో లేదో చూసేది. ఆ రోజు అన్నంలో ఒక్క రాయీ రాలేదని మెస్‌లో పెద్ద చర్చ జరిగిందని తరవాత తెలిసింది. వంటమనిషిని మార్చారా అని ఎవరో అడిగారట.

క్లాసు నుంచి వచ్చిన మా రూమ్మేట్‌ని ఆమే పిలిపించి, నాలుగు ముక్కల్లో విషయం చెప్పింది. వాడు బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. వాడి నోరు మూతపడటం నేను చూడటం అదే మొదటిసారి.

“నేను నీకు దండేశాను కదరా,” అన్నాడు చివరికి.

నాకు నవ్వొచ్చింది. ఎన్నో వారాల తరవాత వచ్చిన నవ్వు. వాడు మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి, నేను పంచినవన్నీ గది గదికీ తిరిగి వసూలు చేసుకొచ్చాడు. అన్నీ వచ్చాయి, పరుపు తప్ప. జూనియర్ దాన్ని రెండు చేతులా వాటేసుకుని వదలలేదు. వాడికి ఆ పొద్దునే ఏదో కంపెనీ నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చిందట. “ఉద్యోగం రానోడి పరుపురా అది!” అని మావాడు మొత్తుకున్నా, “పని చేస్తున్నది గదన్నా,” అన్నాడట. ఆ రాత్రి నేను మావాడి పరుపు మీద పడుకున్నాను. వాడు గడపకు అడ్డంగా దుప్పటి పరుచుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను, మావాడు, వంటచేసే మెస్ అమ్మ, ముగ్గురం ఎర్రగడ్డకు బయల్దేరాం. ఎర్రగడ్డ అన్న మాట హైదరాబాదులో పుట్టినవాడికి ఎలా వినబడుతుందో చెప్పనక్కరలేదు. అక్కడ పిచ్చాసుపత్రి ఉందని ఊరంతా తెలుసు. క్లాసులో ఎవడైనా తిక్కగా మాట్లాడితే, వీణ్ణి ఎర్రగడ్డ బస్సెక్కించాలి అనేవాళ్ళం. ఇప్పుడు నిజంగానే మియాపూర్‌లో బస్సు మారి ఎక్కాం. కండక్టర్ దగ్గరికి రాగానే, మా పరువు కాపాడదామని రూమ్మేట్ ముందు స్టాపు పేరు చెప్పాడు. దిగి నడుద్దామని వాడి ఆలోచన.

“గాడ దిగి ఏం జేస్తం? కాల్లు గుంజుతయి,” అంది ఆమె, బస్సు మొత్తానికి వినబడేలా. “ఎర్రగడ్డ దవాఖాన. ముగ్గురం. ఈ పిలగానికి చూపియ్యాలె.”

బస్సంతా ఇటు తిరిగింది. నా ముందు సీటులో ఆయన సంచి సర్దుకుని కొంచెం జరిగాడు. నేను కిటికీలోంచి కూకట్‌పల్లిని అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. పక్కన కూర్చున్న ఒక ముసలావిడ మాత్రం ఆమెతో మాట కలిపి, లైనులో ఎక్కడ నిలబడాలో, చీటీ ఏ కిటికీలో రాస్తారో అన్నీ చెప్పింది. మూడేళ్ళుగా వస్తోందట, కోడలి కోసం.

డాక్టరు నడివయసు మనిషి. తొందరేమీ లేనట్టు అడిగాడు. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, చావాలన్న ఆలోచన రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, ఎలా అన్నది కూడా అనుకున్నావా, ఎన్నాళ్ళనుంచి. ఏ రాతపరీక్షలోనూ ఏ ప్రశ్నకూ సరిగ్గా జవాబు రాయని నేను, అక్కడ ఒక్కటి కూడా తడబడకుండా అన్నీ చెప్పాను. నా జీవితంలో సెలెక్టయిన మొదటి ఇంటర్వ్యూ అదే. ఇది జబ్బనీ, బద్ధకం కాదనీ, పిరికితనం అంతకన్నా కాదనీ, మందులు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, అప్పటిదాకా నన్ను ఒంటరిగా వదలొద్దనీ చెప్పాడు. ఆ చివరి మాటకు మా రూమ్మేట్ ఎంత గట్టిగా తలూపాడంటే, డాక్టరు ఆగి మరీ వాడివైపు చూశాడు.

నాయనకు కూడా చెప్పాలన్నాడు డాక్టరు. రూమ్మేట్ షెడ్డుకు ఫోన్ చేశాడు. బాలానగర్ అక్కడికి దగ్గరే. అరగంటలో మా నాయన పని బట్టల్లోనే, చేతులకు గ్రీజుతో వచ్చేశాడు. ముందురోజు షెడ్డంతా స్వీట్లు పంచిన మనిషి.

“నాకు ఉద్యోగం రాలేదు నాయినా,” అన్నాను. రెండో విషయం డాక్టరు చెప్పాడు.

నాయన నమ్మలేదు. నన్ను వదిలేసి డాక్టరుతో వాదన పెట్టుకున్నాడు. “దసరాకు ఇంటికొచ్చిండు సార్. మూడుసార్లు అడిగి ఏపిచ్చుకోని మటన్ తిన్నడు. మనసు బాగలేనోడు మూడుసార్లు తింటడా?” అప్పటివరకు గుమ్మంలో నిలబడ్డ మెస్ అమ్మ, “మనసు ఏడ్వాలంటే కడుపుకు తెల్వాల్నా అన్నా,” అంది. నాయన ఆమెను చూసి, నన్ను చూసి, బెంచీ మీద కూర్చున్నాడు. గ్రీజు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల పైకెత్తలేదు.

అందరూ అనుకున్నట్టు మర్నాటికే నాకు ఏదీ తేలికపడలేదు. మందులు వేసుకుంటే నోరెండిపోయేది, పట్టపగలు తూగొచ్చేది. మావాడు బాత్రూమ్ తలుపు బయట కూడా నిలబడి పాఠాలు చదివి వినిపించేవాడు. అది మరీ హింస, ఒక రోజు బకెట్ నీళ్ళు తలుపు మీంచి వాడి మీద పోశాను. కోపం తిరిగొచ్చిందని వాడు ఆ తడి బట్టలతోనే మెస్‌కి పరుగెత్తి ఆమెకు చెప్పాడు.

నాలుగో రోజు సాయంత్రం నాయన షిఫ్టు అయ్యాక హాస్టల్‌కి వచ్చాడు. నా మంచం అంచున కూర్చున్నాడు. మా ఇద్దరికీ మాట్లాడుకునే అలవాటు లేదు. మా ఇంట్లో తండ్రి అడిగేవి రెండే, తిన్నవా, ఫీజు కట్టినవా. ఆ రెండూ అయిపోయాయి.

“షెడ్డుల చెప్పిన,” అన్నాడు.

“ఏమని?”

“ఉన్నదే చెప్పిన. కొలువు రాలేదు, మావోనికి మనసుల బాగలేదు, దవాఖానల చూపిస్తున్నం అని. అబద్ధం చెప్పినమనుకో, రేపు ఇంకో అబద్ధం, మల్లో డబ్బా మైసూర్‌పాక్. ఎన్నని కొంటం.”

నేను తల దించుకున్నాను. ఎవరేమన్నారని అడగడానికి ధైర్యం లేదు. ఆయనే చెప్పాడు.

“నా పక్క మిషనాయన ఉన్నడు గద. నవ్వుతడేమో అనుకున్న. మిషన్ బంద్ చేసిండు. బయటికి తీస్కపోయిండు. వాల్ల పెద్దబిడ్డ గూడ గిట్లనే, ఆర్నెల్ల సంది కాలేజీకి పోతలేదంట, తలుపేసుకోని పంటదంట. ఏ దినం పోవాలె, ఏ డాక్టర్ అని అడిగిండు.” నాయన అరచేతిలో గ్రీజు మరకను రుద్దుకున్నాడు. “పద్దెనిమిదేండ్ల సంది పక్కపక్కకే ఉన్నం. మిషన్ సప్పుడుల ఏం ఇనవడ్తది.”

బయట చీకటి పడుతోంది. ఆఖరి బస్సు పోతుందని టిఫిన్ సంచి భుజానికి తగిలించుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఎలా అడగాలో తెలియక నోట్లో రెండుసార్లు నమిలి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“ఇయ్యాల ఎట్లున్నది?”

బాగుంది అనే మాట నా నాలుక చివర ఉంది. నెలల తరబడి అందరికీ అదే చెప్పాను, దసరాకు ఆయనకు కూడా అదే చెప్పాను. చెబితే వెళ్ళిపోతాడు, బస్సు దొరుకుతుంది.

“బాగలేదు నాయినా,” అన్నాను. “పొద్దటి నుంచి మల్ల గదే వస్తున్నది.”

ఆయన సంచి దించి కింద పెట్టి, వచ్చి, ఈసారి మంచం అంచున కాకుండా నా పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“చెప్పు బిడ్డా,” అన్నాడు. “ఇంటున్న.”